ఉప్పెన ఏడాది ఆగమన కాలం

మొన్న ఆగమన కాలం, అంటే క్రిస్మస్ కోసం ఎదురుచూసే నాలుగు వారాల్లో, మొదటి ఆదివారం. గుడిలో సువిశేషానికి, అంటే ప్రభువు మాటలుండే బైబిలు పాఠానికి, అందరం లేచి నిలబడ్డాం. ఫాదర్ గారు నోవా రోజుల సంగతి చదవడం మొదలుపెట్టగానే నా ఎడమ చెయ్యి దానంతటదే పక్కకు జరిగింది. ఆ పాఠం వచ్చినప్పుడల్లా అమ్మ నా మణికట్టు పట్టుకునేది. అయిపోయేదాకా వదిలేది కాదు. నాకు పెళ్ళై, పిల్లలు పుట్టి, జుట్టు నెరిసినా అంతే. అమ్మ పోయాక వచ్చిన మొదటి ఆగమన కాలం ఇది.

మా కథోలిక గుడుల్లో ఆదివారం పఠనాలు మూడేళ్ళకోసారి తిరిగి వస్తాయి. ఆ లెక్కన మూడేళ్ళకోసారి ఆగమన కాలం ఈ పాఠంతోనే మొదలవుతుంది. నోవా రోజుల్లో జనం తింటూ, తాగుతూ, పెళ్ళిళ్ళు చేసుకుంటూ ఉండగా జలప్రళయం వచ్చి అందరినీ ఊడ్చుకుపోయిందనీ, మీరు మాత్రం మెలకువగా ఉండండనీ ప్రభువు చెప్పే భాగం. 1977లో ఆ వంతు నవంబరు 27న వచ్చింది. దివిసీమ మీద ఉప్పెన పడింది నవంబరు 19, శనివారం. మధ్యలో ఒక్క వారం. ఊరూరా ఇంకా శవాలు దొరుకుతూనే ఉన్నాయి.

ఆ ఏడాది మేం ఆగమన కాలం ఎలా గడిపామో అమ్మ ఉన్నప్పుడే రాద్దామనుకునేవాణ్ణి. అమ్మ వద్దనేది. "చెప్పుకునేదేం ఉందిరా, గడిచింది" అనేది. ఇప్పుడు రాస్తున్నాను.

* * *

మాది అవనిగడ్డకు దిగువన ఒక పేట. అందరం కూలి చేసుకునేవాళ్ళమే. గుడి అంటే మట్టి గోడలు, తాటాకు కప్పు, లోపల పేడతో అలికిన నేల. గంట లేదు. వేపచెట్టు కొమ్మకు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడేది, దాన్ని ఇనప కడ్డీతో కొట్టేవారు. మా కృష్ణా జిల్లాకు ఇటలీ నుంచి వచ్చిన పీమె సభ ఫాదర్లు తిరిగిన రోజుల్లో పడిన విశ్వాసం అది. ఫాదర్ గారు నెలకోసారి మోటారు సైకిలు మీద వచ్చి పూజ చేసేవారు. మిగతా ఆదివారాలు, పెళ్ళి మాటలు, చావులు, పిల్లల తగాదాలు అన్నీ, ఫాదర్ లేనప్పుడు జపాలు నడిపించే ఉపదేశి గారే చూసుకునేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. గొంతు మాత్రం పేట ఆ చివరి దాకా వినిపించేది.

మాకు పండగ రోజులు నవంబరు మొదట్లోనే మొదలయ్యేవి. ఆత్మల పండక్కి సమాధులకు సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళం. తర్వాత క్రీస్తురాజు పండగ. ఆ తర్వాత ఆదివారానికి ఉపదేశి గారు ఇంట్లోంచి ఇనప ట్రంకు పెట్టె తెచ్చి ఊదా గుడ్డ తీసేవారు. మడతల్లో కలరా ఉండలు పెట్టేవారేమో, విప్పగానే గుడంతా ఆ వాసన. నాకు ఆగమన కాలం అంటే ముందు గుర్తొచ్చేది ఆ వాసనే. పీఠానికి కప్పే ఆ గుడ్డ మధ్యలో తెల్ల దారంతో కుట్టిన సిలువ ఉండేది. మా పిన్ని, అంటే మా బాబాయి భార్య, కాపురానికి వచ్చిన కొత్తలో కుట్టింది. సిస్టరమ్మల దగ్గర కుట్టుపని నేర్చుకుంది. సిలువ కింది కొమ్మ కాస్త పక్కకు వాలి ఉండేది. విప్పి కుడతానని పిన్ని, ఉండనివ్వమని ఉపదేశి గారు, ఏటా అదే మాట.

ఆ నాలుగు వారాలూ పెళ్ళిళ్ళు ఉండవు. తెల్లారకముందే రైలు పట్టా మోగేది. చీకట్లోనే ముసుగులు కప్పుకుని గుడికి పోయి, జపమాల చెప్పుకుని, అటునుంచి అటే ఆడవాళ్ళు కొడవళ్ళు పట్టుకుని కోతలకు పోయేవారు. పండగ బట్టలు ఆ కోత కూలి మీదే. సాయంత్రాలు ఇంటికొక పూట చొప్పున జపం. అయ్యాక ఆ ఇంటివాళ్ళు బెల్లం టీ ఇచ్చేవాళ్ళు. పిల్లలకు సిస్టరమ్మలు చెప్పిన పని ఒకటుండేది. ఎవరికైనా ఒక మంచి పని చేస్తే ఒక గడ్డిపరక తెచ్చి పశువుల తొట్టిలో వెయ్యాలి. పండగ నాటికి బాల యేసుకు మెత్తటి పడక తయారవ్వాలి. మేం వరిగడ్డిలో లావు పరకలు ఏరి పారేసి, సన్నవి మాత్రమే తెచ్చేవాళ్ళం. ముసలమ్మల కడవలు మోయడానికి పిల్లలు పోటీ పడేవాళ్ళు. నిజం చెప్పాలంటే, ఈ రోజుల్లో పెద్ద పెద్ద గుళ్ళలో కరెంటు దీపాలతో పెట్టే పాకలు చూస్తే నాకు ఆ గడ్డి పడకంత ముద్దుగా అనిపించవు.

* * *

తుఫాను వస్తుందని రేడియోలో చెప్పారు. తుఫాన్లు మాకు కొత్త కాదు. ఉప్పెన అనేది మాత్రం మా ముసలివాళ్ళ నోట విన్న మాట. 1864 నవంబరులో బందరు మీద పడి 30,000 మందిని మింగిన ఉప్పెన గురించి మా నాయనమ్మ వాళ్ళ అమ్మమ్మ చెబితే విన్నదట. కథలాగే చెప్పేది, మేం కథలాగే వినేవాళ్ళం.

శుక్రవారం నుంచే ముసురు. శనివారం మధ్యాహ్నానికి గాలి రూపు మారిపోయింది. తాటిచెట్లు తలలు నేలకు తాకించి లేస్తున్నాయి. ఉపదేశి గారు రైలు పట్టా కొట్టి కొట్టి, అందరినీ ఊళ్ళో ఒక ఆసామి డాబాకి తోలారు. ఆ ఇంటి పెద్దమ్మ గారు తలుపులు తీసి మమ్మల్నందర్నీ లోపలికి రమ్మన్నారు. మా పేటవాళ్ళు అంతకు ముందు ఆ గడప తొక్కి ఎరగరు. చీకటి పడుతుండగా నీళ్ళు వచ్చాయి. మా దగ్గర నడుము దాకా. మేం సముద్రానికి దూరం కాబట్టి అంతటితో పోయింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు మనిషి ఎత్తుకు మూడింతలు లేచిన నీరు ఊళ్ళకు ఊళ్ళనే తుడిచేసింది. సర్కారు లెక్కలోనే చనిపోయినవాళ్ళు 10,000కు తక్కువ లేరు. మడ అడవుల చాటున ఉన్న ఊళ్ళు కొన్ని దక్కాయి.

మా బాబాయి ఆ వైపే పనికి పోయి, పెళ్ళాం పిల్లల్తో అక్కడే పాక వేసుకుని ఉన్నాడు.

ఆదివారం క్రీస్తురాజు పండగ. మా గుడి కప్పు లేదు, గోడలు కరిగిపోయి మోకాలి ఎత్తు మిగిలాయి. నాన్న, ఇంకో నలుగురు కరకట్ట మీదుగా దిగువకు బయల్దేరారు. చాలా రోజులు అలా వెళ్తూనే ఉన్నాడు. బాబాయి దొరకలేదు, పిన్ని దొరకలేదు, పిల్లలు దొరకలేదు. వెళ్ళినవాడు ఖాళీగా తిరగకుండా దొరికిన శవాలను మోసి, పూడ్చి, పూడ్చలేని చోట కిరసనాయిలు పోసి తగలబెట్టి వచ్చేవాడు. ముక్కుకి కట్టుకున్న తువ్వాలు అమ్మ ఎన్నిసార్లు ఉతికినా వాసన పోలేదు. నాన్న చెప్పిన సంగతి ఒక్కటే ఒకటి. ప్రతి శవం దగ్గరా "నిత్య విశ్రాంతి" జపం చెప్పాడట. ఏ మతమో, ఏ కులమో తెలియదు కదా అని మొదట సందేహించి, తర్వాత ఎవరైతే ఏంలే అని అందరికీ చెప్పాడట.

* * *

ఆ వారమంతా గాలి మోటార్ల చప్పుడు. హెలికాప్టర్లు వంగి పొట్లాలు విసిరేవి. బావుల్లో బ్లీచింగు కలిపారు, ఊరివాళ్ళనందరినీ వరసగా నిలబెట్టి కలరా సూదులు వేశారు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చారు. మా ఎమ్మెల్యే, మంత్రి మండలి వెంకటకృష్ణారావు గారు బురదలో ఊరూరా తిరిగారు. ఎన్టీ రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టి రాష్ట్రమంతా చందాలు పోగు చేశారు. సిస్టరమ్మలు చీరలు మోకాళ్ళ దాకా ఎగదోపి పుళ్ళు కడిగేవారు. ఏ జెండా వాళ్ళు, ఏ మతం వాళ్ళు అని చూసిన పాపాన పోలేదు. అన్నం పెట్టిన ప్రతి ఒక్కరినీ నాయనమ్మ తల మీద చెయ్యి పెట్టి దీవించేది.

ఇంకో రకం వాళ్ళూ వచ్చారు. ఇది పాపాలకు శిక్ష అని మైకులో చెప్పి వెళ్ళారు. ఎనిమిది నెలల పిల్ల చేసిన పాపం ఏమిటో వాళ్ళు చెప్పలేదు. బాబాయి చిన్న కూతురు వయసు అంతే. వాళ్ళ మీద నా కోపం ఇన్నేళ్ళయినా తగ్గలేదు, తగ్గాలని కూడా నేను అనుకోవడం లేదు.

* * *

శనివారం సాయంత్రానికి ఫాదర్ గారు నడుచుకుంటూ వచ్చారు. మోటారు సైకిలు నడిచే దారి లేదు. లుంగీ, బనీను, భుజాన పూజ సామాను సంచి. పెద్దవాళ్ళంతా కూలిన వేపచెట్టు దగ్గర కూర్చున్నారు. నేను నాయనమ్మ ఒళ్ళో ఉన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు:

"రేపటి సువిశేషం నోవాది. జలప్రళయం. మీ ముందు అది చదవడానికి నాకు నోరు రావట్లేదు. వేరే పాఠం చదవమంటారా?"

ఉపదేశి గారు తల వంచుకున్నారు. నాన్న కరకట్ట వైపు చూస్తున్నాడు. నాయనమ్మే అంది:

"అదే చదవండి సామీ. మా మీదకొచ్చిన నీళ్ళ సంగతి ఆయన పుస్తకంలో కూడా ఉందంటే, మా కష్టం ఆయనకు తెలిసినట్టే గదా. దాచిపెడితే మేం ఎవరికి చెప్పుకోవాల?"

మర్నాడు పూజ కరిగిన గోడల మధ్య, ఆకాశం కింద జరిగింది. తలుపు చెక్క ఒకటి ఇటుకల మీద పెట్టి పీఠం చేశారు. ట్రంకు పెట్టె బురదలో కూరుకుపోయి దొరికింది. గుడ్డ తడిసి, ఊదా రంగు కారి, పిన్ని కుట్టిన తెల్ల సిలువ బురద రంగుకి తిరిగింది. కలరా ఉండల వాసన పోయి ఉప్పు వాసన వచ్చింది. ఉపదేశి గారి భార్య ఉతకబోతే నాయనమ్మ అడ్డుపడి, అలాగే పరవమంది. వాలిపోయిన ఆ కింది కొమ్మ మీద ఒకసారి వేలు పెట్టి, వచ్చి నేల మీద కూర్చుంది.

ఫాదర్ గారు చదివారు. జలప్రళయం అన్న మాట దగ్గర అమ్మ నా మణికట్టు పట్టుకుంది. పొలంలో పనిచేసే చెయ్యి, నొప్పి పుట్టింది. ఎవరూ ఏడవలేదు. అప్పటిదాకా వారం రోజులుగా ఏడుస్తున్నవాళ్ళే అందరూ. ప్రసంగం నాలుగు ముక్కలే. "దేవుడు ఈ నీళ్ళు పంపలేదు. మీలో ఒకణ్ణి ఒకడు చేయి పట్టి లాగారే, అప్పుడు ఆయన అక్కడున్నాడు. మెలకువగా ఉండండి అంటున్నాడు. ఉందాం." అంతే. సత్ప్రసాదానికి ఊరి డాబా పెద్దమ్మ గారు కూడా వచ్చి దూరంగా చేతులు జోడించి నిలబడ్డారు.

* * *

అందరి విశ్వాసం గట్టిగా నిలబడిందని రాస్తే అబద్ధం అవుతుంది. నాయనమ్మ నిలబడింది. అమ్మ నిలబడలేదు. పూజకు వచ్చేది, నోరు విప్పేది కాదు. పిన్నీ అమ్మా ఒకే కంచంలో తిన్నవాళ్ళు. సాయంత్రం జపమాలకు అందరూ టార్పాలిన్ కింద చేరితే అమ్మ బయట పొయ్యి దగ్గర ఉండిపోయేది. పిలవమని నాన్న కళ్ళతో సైగ చేస్తే నాయనమ్మ వద్దని తల ఊపేది. "దాని వంతు కూడా మనమే చెబుదాం" అని, అమ్మ వంతు పదిపూసలు తనే చెప్పేది. అత్తాకోడళ్ళ మీద ఎన్ని కథలు విన్నా, నాకు గుర్తొచ్చేది ఇదే.

తెల్లారకముందు జపం ఆగలేదు. గంట కొట్టే చెట్టు కూలింది గనక రైలు పట్టా ముక్కను రెండు గుంజల మధ్య కట్టారు. జపమయ్యాక పోవడానికి కోతల్లేవు. కంకి పట్టిన వరి ఉప్పునీళ్ళలో పడి కుళ్ళింది. అయినా అందరూ పనికే పోయేవారు. చచ్చిన గొడ్లను ఈడ్చడం, దారి మీద పడిన చెట్లు నరకడం, విధవలైనవాళ్ళకు ముందు పాకలు వెయ్యడం. ఏ రోజు ఎవరు ఏం చెయ్యాలో ఉపదేశి గారు జపం చివర్లో చదివేవారు. సిలువ గుర్తు వేసుకుని అటునుంచి అటే వెళ్ళేవారు. ఆ నాలుగు వారాలు లేకపోతే మా పేట లేచి నిలబడేది కాదని నా నమ్మకం. పండగ వస్తుందని కాదు. రేపు పొద్దున లేవడానికి ఒక గంట ఉంది, ఆ గంటకు ఒక పని ఉంది.

పిల్లలకు గడ్డి దొరకలేదు. ఉన్న గడ్డంతా నల్లబడి కంపు కొట్టేది. మంచి పనులు మాత్రం చేసి, చేసినవి గుర్తు పెట్టుకునేవాళ్ళం. ఒకరోజు మిగిలిన పశువుల కోసం మెరకసీమ నుంచి లారీల్లో వరిగడ్డి వచ్చింది. పచ్చగా, పొడిగా, ఎండ వాసనతో. మేం లారీ చుట్టూ మూగాం. డ్రైవరు ఎందుకని అడిగితే చెప్పాం. ఆయన ముస్లిం, గడ్డం ఉంది. కట్ట విప్పి, తనే కూర్చుని సన్నటి పరకలు ఏరి మాకు తలా ఒక గుప్పెడు ఇచ్చాడు. "నా తరఫున కూడా ఒకటి వెయ్యి బేటా" అన్నాడు నాతో.

మూడో ఆదివారం సువిశేషం, జైల్లో ఉన్న యోహాను ప్రభువు దగ్గరకు మనుషుల్ని పంపించి, రావలసినవాడివి నువ్వేనా, ఇంకొకరి కోసం చూడమంటావా అని అడిగించేది. ఫాదర్ గారు వీలు చేసుకుని మళ్ళీ వచ్చారు. "బాప్తిస్మమిచ్చిన యోహానే అడిగాడు. ప్రభువు కోప్పడలేదు. మీరూ అడగండి" అన్నారు. పూజ అయ్యాక అమ్మ ఆయన దగ్గరకు వెళ్ళింది. ఏం అడిగిందో నాకు తెలియదు, చాలాసేపు గట్టిగానే మాట్లాడింది. ఆయన వింటూ నిలబడ్డారు. ఆ రాత్రి అమ్మ టార్పాలిన్ కిందికి వచ్చి కూర్చుంది. తన వంతు వచ్చినప్పుడు మంగళవార్త జపం సగంలో ఆగిపోతే మిగతాది నాయనమ్మ అందుకుంది.

* * *

క్రిస్మస్ పండగ ఆదివారం వచ్చింది. నక్షత్రం కట్టలేదు, అరిసెలు వండలేదు. ఎక్కడినుంచో వచ్చిన సాయం బట్టల్లో నాకు మోకాళ్ళ కిందికి జారే నిక్కరు దొరికింది. నడిరాత్రి పూజలో, ఆగమన కాలమంతా ఆపిన మహిమ గీతం ఎత్తుకునే ముందు ఉపదేశి గారు చనిపోయినవాళ్ళ పేర్లు చదివారు. పేటవాళ్ళవి, బంధువులవి, సమాధి లేని వాళ్ళందరివీ. బాబాయి ఇంటి పేర్లు వచ్చినప్పుడు నాన్న అంతమందిలో మొదటిసారి ఏడ్చాడు. తర్వాత పాట ఎత్తుకున్నది కూడా నాన్నే.

మర్నాడు సోమవారం మగవాళ్ళంతా మంచినీళ్ళ చెరువులో ఉప్పునీళ్ళు తోడటానికి గూడలు పట్టుకుని పోయారు.

* * *

ఉప్పెన తర్వాత తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టారు. గుడి కూడా ఇటుకలతో లేచింది. మూడేళ్ళకోసారి నోవా సువిశేషం వస్తూనే ఉంది. మా పేటలో ఆ ఆదివారం ప్రసంగానికి బదులు ఉపదేశి గారు లేచి, తుఫాను వస్తే ఎవరు ఏ ఇంటి ముసలివాళ్ళను మోయాలో, పాలిచ్చే తల్లుల్ని ఎవరు తీసుకుపోవాలో పేర్లు పెట్టి చెప్పేవారు. ఫాదర్లు మారినా అది మారలేదు. 1989 డిసెంబరులో ఆ పాఠం వచ్చినప్పుడు కూడా చెప్పారు. నాయనమ్మ అప్పటికి లేదు.

తర్వాత అయిదు నెలలకు, 1990 మేలో మళ్ళీ పెద్ద తుఫాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. గాలి తక్కువేం కాదు. రాష్ట్రం మొత్తం మీద వెయ్యి మంది దాకా పోయారు. నేనప్పుడు హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాను, ఫోన్లు పనిచెయ్యక టెన్షన్‌తో చచ్చాను. నాలుగో రోజుకి నాన్న ఉత్తరం అందింది. ఉపదేశి గారు వయసైపోయి కర్ర పట్టుకుని నడుస్తున్నా, సాయంత్రం నుంచే రైలు పట్టా కొట్టించారట. మోయాల్సినవాళ్ళను మోసుకుని పేటంతా షెల్టరుకి చేరిందట. అమ్మ వంతు పక్కింటి గుడ్డి అవ్వ. ఇళ్ళ కప్పులు లేచిపోయాయి, మేకలు చాలా పోయాయి. మనుషులు ఒక్కరూ పోలేదు. కప్పులకు తాటాకు ఎక్కడా దొరకడం లేదు, డబ్బు పంపగలిగితే రేకులు వేయిస్తానని, మీ అమ్మ బాగానే ఉందని రాశాడు.